మంచు చూడాలంటే ఎవరో మోయాలి

ధ్రువ ప్రాంతంలో కుక్కలు లాగే బండి, గుల్‌మార్గ్‌లో మనుషులు లాగే చెక్క బండి, మన్యంలో మనుషులు మోసే డోలీ. చలికొండల మీద సరదా ఎక్కడ మొదలవుతుంది, అవసరం ఎక్కడ ఆగుతుంది? అరకు, వంజంగి, లంబసింగి దారుల్లో శీతకాలపు కథనం.

లంబసింగి చలికి వేళాపాళా ఉంది. తెల్లవారుజామున మూడింటికి మొదలై పొద్దున ఎనిమిదిన్నర వరకూ దానిదే రాజ్యం. ఆ తర్వాత ఎండెక్కుతుంది. స్వెట్టర్లు ఒంటి మీంచి నడుముకు దిగుతాయి. పదకొండయ్యేసరికి అదే రోడ్డు మీద చల్లటి నీళ్ల సీసా కోసం వెతుక్కుంటారు. అందుకే ఇక్కడికొచ్చే విహారయాత్ర అర్ధరాత్రి మొదలవుతుంది. విశాఖ, కాకినాడ, రాజమండ్రి, విజయవాడ నుంచి బయల్దేరిన కార్లు నర్సీపట్నంలో టీకి ఆగి, ఒకదాని వెనక ఒకటి ఘాట్ ఎక్కుతాయి. డిసెంబరు, జనవరి నెలల్లో శనివారం రాత్రయితే ఆ దారిలో కార్లు కదలడమే కష్టం.

పైన అంతా తిరనాళ్ల సందడి. రోడ్డు వారన నెగళ్లు, పొగలు కక్కే కాఫీ, నిప్పుల మీద వెదురు బొంగులు, వాటిలో ఉడుకుతున్న కోడి మాంసం, అద్దె గుడారాలు. నోట్లోంచి ఆవిరి వస్తే పిల్లలకు అదే పండగ. బాగా చలి ముదిరిన రోజున గడ్డి మీద, కారు పైకప్పు మీద పేరుకున్న తెల్లటి పొరను గోటితో గీరి ఒకరికొకరు చూపించుకుంటారు. ఇంతలో ఎవరో ఒకరు అడగనే అడుగుతారు: మరి మంచు ఎప్పుడు కురుస్తుంది? సినిమా పాటల్లో స్విట్జర్లాండ్‌నీ, ఫోన్లో ఫిన్లాండ్‌నీ చూసిన కళ్లకు మంచంటే మోకాలి లోతు ఉండాలి. దాని మీద నీలికళ్ల హస్కీ కుక్కలు బండిని లాక్కుపోవాలి. ‘ఆంధ్రా కశ్మీర్’ అని పేరు మోసిన ఊరికి ఈ ప్రశ్న తప్పదు.

ప్రశ్న అమాయకమైనదే కానీ చాలా దూరం తీసుకెళ్తుంది. లోకంలో ఏ చలికొండ చూడాలన్నా ఏదో ఒక వాహనం ఎక్కక తప్పదు. దాన్ని మొదట ఎవరు, ఎందుకు తయారుచేసుకున్నారు? ఇప్పుడది ఎవరిని మోస్తోంది? ఎవరిని దిగబెట్టి వెళ్లిపోతోంది? ఉత్తరాన మంచుబండికి ఒక జవాబుంది. మన మన్యానికి ఇంకొకటుంది.

కురవని మంచు, నిండే మంచు

ముందు ఆ ప్రశ్న సంగతి తేల్చుకుందాం. అరకులోయ సముద్ర మట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. లంబసింగి మరికాస్త ఎత్తు, దాదాపు వెయ్యి మీటర్లు. తూర్పు కనుమల్లోకెల్లా ఎత్తయినదిగా చెప్పుకునే అర్మకొండ కూడా దాదాపు 1,680 మీటర్లే. కిలోమీటరు పైకెక్కితే సగటున ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. మన అక్షాంశంలో శీతకాలంలో గాలి సున్నా డిగ్రీలకు చేరాలంటే నాలుగున్నర వేల మీటర్లకు అటూ ఇటూగా పైకెళ్లాలి. అర్మకొండ మీద ఇంకో రెండు అర్మకొండలు పేర్చితే గానీ మంచు కురిసే ఎత్తు అందదు. పైగా కశ్మీరానికి మంచును మోసుకొచ్చేవి పడమటి నుంచి వచ్చే శీతకాలపు అలజడులు. అవి ఇంత దక్షిణానికి దిగవు. మనకు సంక్రాంతి రోజుల్లో ఉండేది పొడి చలి.

మరి నాలుగైదు డిగ్రీల చలి ఎక్కడిది? మబ్బు లేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. నేలను తాకిన గాలి చల్లబడి బరువెక్కి, వాలు వెంట నీళ్లలా జారి పల్లంలో నిలుస్తుంది. పైన కాస్త వెచ్చటి గాలి మూతలా పడుతుంది. చుట్టూ కొండలున్న గిన్నెలాంటి చోట ఈ చల్లగాలికి బయటికి దారి ఉండదు. మినుములూరు కాఫీ బోర్డు దగ్గరా, చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలోనూ నమోదైన డిగ్రీలు జనవరి పేపర్లలో రోజూ కనిపించడానికి కారణం ఇదే. లోయలోని తేమ ఆ చలికి పొగమంచుగా మారుతుంది. అర్ధరాత్రి దాటాక నేల మరీ చల్లబడితే మంచుబిందువు గడ్డి మీదే గడ్డకడుతుంది.

దీనివల్ల ఒక తమాషా జరుగుతుంది. పల్లంలో ఉన్నవాడికి పది అడుగుల దూరం కనపడదు. అదే సమయంలో కొండెక్కినవాడికి తల మీద నక్షత్రాలు, కాళ్ల కింద తెల్లటి సముద్రం. పాడేరు దగ్గర వంజంగి కొండకూ, లంబసింగి దగ్గర చెరువులవేనానికీ, అరకు పక్కన మాడగడకూ జనం చీకట్లో ఎక్కేది ఇందుకే. మేఘం తల మీద ఉండటం అందరూ చూసేదే. దాన్ని పైనుంచి చూడటం ఈ కొండల ప్రత్యేకత. అది చూడటానికి హిమాలయం అక్కర్లేదు. అసలు హిమాలయంలో ఉంటే ఇది ఇంత తీరిగ్గా, చెప్పులేసుకుని, చంటిపిల్లను చంకనేసుకుని చూడగలిగే దృశ్యమే కాదు.

కుక్కలు లాగిన ఉత్తరాలు, మందులు

ఇప్పుడు హస్కీల దగ్గరకు వెళ్దాం. ఈ జాతి పుట్టిల్లు సైబీరియా ఈశాన్యపు కొస. అక్కడి చుక్చీ జనం వేటకూ, తీరానికీ లోతట్టుకూ మధ్య రాకపోకలకూ వీటిని పెంచుకున్నారు. పైన నీటిని జారవిడిచే బిరుసు బొచ్చు, లోపల వేడిని పట్టి ఉంచే మెత్తటి బొచ్చు. తక్కువ తిండితో ఎక్కువ దూరం పోయే ఒళ్లు. మంచు కురిసిన నేల రాయీ రప్పా, వాగూ వంకా తేడా లేకుండా చదునైపోతుంది. గడ్డకట్టిన నది రహదారి అవుతుంది. అంటే ఉత్తరాన చలి దారిని మూయదు, తెరుస్తుంది. ఆ దారి మీద పోయే బండిని లాగేవి కుక్కలు. 20వ శతాబ్దం మొదట్లో హస్కీలు బేరింగ్ జలసంధి దాటి అలాస్కా చేరాయి. 1909లో నోమ్ పట్టణపు పందెంలో పరుగెత్తాయి.

పందేలు ఆదివారం సరదా. మిగతా వారమంతా బరువు పని. ఉత్తరాలు, తిండి గింజలు, గనుల సామాను, రోగులు, అన్నీ కుక్కబండి మీదే. 1925 జనవరిలో నోమ్‌లో కంఠసర్పి ప్రబలింది. మందు లేదు. ఓడరేవు గడ్డకట్టింది. నెనానా దాకా రైల్లో వచ్చిన మందు పెట్టెను అక్కడి నుంచి సుమారు 1,085 కిలోమీటర్లు కుక్కబళ్లు చేతులు మార్చుకుంటూ మోశాయి. ఇరవై మంది తోలేవాళ్లు, నూట యాభై దాకా కుక్కలు. ఐదున్నర రోజుల్లో, ఫిబ్రవరి 2న మందు ఊరు చేరింది. చివరి మజిలీలో ముందు నడిచిన బాల్టో అనే కుక్కకు న్యూయార్క్ సెంట్రల్ పార్కులో విగ్రహం పెట్టారు. అన్నిటికంటే పొడవైన, ప్రమాదకరమైన మజిలీ నడిపించింది టోగో అనే మరో కుక్క. దాని పేరు లోకానికి తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. బరువు మోసినవాళ్లలో ఎవరి పేరు నిలుస్తుందో చెప్పలేమన్నది కుక్కల విషయంలోనూ నిజమే.

1960ల్లో అలాస్కా పల్లెలకు మోటారు స్నోమొబైల్ వచ్చింది. కుక్కల కొట్టాలు ఖాళీ అయ్యాయి. ఈ విద్య అంతరిస్తుందని దిగులుపడ్డ కొందరు 1973లో యాంకరేజ్ నుంచి నోమ్ దాకా ఇడిటరాడ్ పందెం మొదలుపెట్టారు. దారి పొడవు దాదాపు వెయ్యి మైళ్లు. ఈ వరసను గమనించండి. ముందు అవసరం. అవసరం తీర్చే మెరుగైన వాహనం వచ్చాక విశ్రాంతి. ఆ తర్వాతే వినోదం, టికెట్టు, ఫొటో.

టికెట్టు ఎక్కువగా తెగేది ఇప్పుడు ఫిన్లాండ్, నార్వేల్లో. ఆర్కిటిక్ వృత్తం మీదున్న రొవానియెమి లాంటి ఊళ్లలో ఆరేడు కుక్కల బండి మీద అడవిలో తిరిగి వచ్చే యాత్రలకు మన తెలుగువాళ్లూ వరస కడుతున్నారు. బండి కదలకముందు కుక్కలు చెవులు గింగుర్లెత్తేలా అరుస్తాయి. గొలుసు విప్పగానే ఒక్కసారిగా నిశ్శబ్దం, ఇక పరుగే. వెనక చెక్కల మీద నిలబడి తోలేవాడి చేతిలో పగ్గం ఉండదు. కుడికి ఒక కేక, ఎడమకు ఇంకో కేక, ఆపడానికి కాలి కింద బ్రేకు. మాట వినే తెలివి ముందు కుక్కది, బరువు లాగే బలం బండికి దగ్గరున్న కుక్కలది. చూసినవాళ్లు జీవితాంతం చెప్పుకునే అనుభవమే.

కానీ అక్కడివాళ్లకు తెలిసిన రహస్యం ఒకటుంది. లాప్‌లాండ్ ఆదివాసులైన సామీల సొంత వాహనం కుక్కబండి కాదు, రెయిన్‌డీర్ లాగే బండి. హస్కీలు అక్కడికి ఎక్కువగా పర్యాటకుల కోసమే వచ్చాయి. మేత మేసే రెయిన్‌డీర్‌ను కుక్కల గుంపులు బెదరగొడుతున్నాయని సామీ పశుపాలకులు అభ్యంతరం చెబుతుంటారు. వచ్చినవాడు ఊహించుకొచ్చిన దృశ్యాన్ని అమ్మితే డబ్బులు త్వరగా వస్తాయి. ఊరికి సొంతమైనది మాత్రం పక్కకు తప్పుకుంటుంది. లంబసింగి వినవలసిన సంగతి ఇది.

గుల్‌మార్గ్‌లో తాడు పట్టిన చేయి

మన దేశంలో మంచుబండి ఎక్కాలనుకునే తెలుగు కుటుంబం గుల్‌మార్గ్‌కో, సోన్‌మార్గ్‌కో వెళ్తుంది. అక్కడ కుక్కలుండవు. చిన్న చెక్క బండి, దానికో తాడు, తాడు పట్టుకుని వాలు పైకి లాగే కశ్మీరీ మనిషి. రబ్బరు బూట్లు, ఒంటి మీద ఫెరన్ అంగీ, ఎగశ్వాస. కూర్చున్నవాళ్లకు మొదట నవ్వొస్తుంది, నాలుగు అడుగులు పోయాక ఇబ్బంది వేస్తుంది. బేరమాడి ఎక్కినవాళ్లకు మరీను. శీతకాలంలో వేరే పని దొరకని చోట ఆ తాడే వాళ్ల కూలి. దిగిపోయి జాలి చూపిస్తే ఆ కూలి కూడా పోతుంది. న్యాయమైన ధర ఇచ్చి, బరువైతే వాలు దగ్గర దిగి నడవడం ఒక్కటే మర్యాద.

అసలు కశ్మీర్‌లో మంచుబండిని మనిషి లాగుతున్నాడన్నమాట. మరి ఆంధ్రా కశ్మీర్‌లో? ఇక్కడా మనిషే. కాకపోతే అతను మోసేది పర్యాటకుణ్ని కాదు. అతని దగ్గరకు చేరేలోపు రైలూ రోడ్డూ దాటాలి.

ఖనిజం కోసం వేసిన పట్టాల మీద

అరకు చేరడానికి అందరూ కోరుకునే వాహనం రైలు. పొద్దున్నే విశాఖలో ఎక్కితే కొత్తవలస, శృంగవరపుకోట దాటాక బొడ్డవర నుంచి ఎక్కుడు మొదలవుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస. సొరంగంలో పిల్లల కేకలు, సొరంగం దాటగానే లోయ. తర్వాత శిమిలిగూడ స్టేషను, దాదాపు 996 మీటర్ల ఎత్తు. బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తయినదిగా చాలాకాలం చెప్పుకున్న బోర్డు ఇక్కడిదే. 2017 ఏప్రిల్ 16న ఈ రైలుకు అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె తగిలించారు. సీటు కిటికీ వైపు తిరుగుతుంది, తలెత్తితే ఆకాశం.

ఈ పట్టాలు వేసింది మాత్రం మన కోసం కాదు. 1960ల్లో బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపానుకు పంపడానికి కొత్తవలస–కిరండూల్ మార్గం కట్టారు. యాభైకి పైగా సొరంగాలు తొలిచారు. ఇప్పటికీ ఈ దారిలో పెద్దపీట ఖనిజం పెట్టెలదే. గూడ్సు ఎదురొస్తే పాసింజరు పక్క లైనులో ఆగుతుంది. ఆగిన ఆ పది నిమిషాల్లోనే సీతాఫలాలు, పనసతొనలు, జామకాయలు పట్టుకుని కొండ ఊళ్ల ఆడవాళ్లు కిటికీల దగ్గరకు వస్తారు. ఆ రైలుతో ఊరికి జరిగే నికరమైన మేలు ఆ పది నిమిషాలే అన్నా తప్పులేదు.

అయినా ఈ రైలు అలాస్కా కుక్కబండి దారిలోనే నడిచింది: ముందు సరుకు, తర్వాత సరదా. కానీ అలాస్కాలో బండిని తయారుచేసుకున్నదీ దాంతో బతికిందీ అక్కడివాళ్లే. ఇక్కడ బండీ, సరుకూ, సరదా మూడూ బయటి నుంచే వచ్చాయి. కొండ మధ్యలో ఉండిపోయింది.

లంబసింగి రోడ్డు కథ

రైలు కంటే రోడ్డు పాత కథ. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వెళ్లే దారి ఇప్పుడు సెలవు రోజుల్లో కిటకిటలాడుతుందని చెప్పుకున్నాం. వందేళ్ల కిందట ఈ దారి వేయించడానికి గూడెం ప్రాంతపు డిప్యూటీ తహసిల్దారు బాస్టియన్ మన్యం జనాన్ని పనిలోకి దించాడు. వెట్టి, సరిగా అందని కూలి, ఎదురు చెబితే దెబ్బలు. అటవీ చట్టాలు అప్పటికే పోడుకూ కట్టెపుల్లకూ అడ్డుపడుతున్నాయి. దానికి తోడు దొరలు కొండెక్కితే వారి సామాను మోయడమూ గిరిజనుల పనే. ఈ కసి అంతా చేరి అల్లూరి సీతారామరాజు వెనక నిలిచింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద తొలి దాడి జరిగింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో ఇద్దరు ఇంగ్లిషు అధికారులు, స్కాట్ కవర్డ్, హైటర్, సీతారామరాజు దళం కాల్పుల్లో చనిపోయారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర సీతారామరాజును పట్టుకుని కాల్చేశారు.

నోమ్‌కు కుక్కబళ్ల మీద మందు చేరింది ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే. ఒకే కాలం. అక్కడ ఊరి వాహనం ఊరి ప్రాణం నిలబెట్టింది. ఇక్కడ ఊరివాళ్లు వేసిన రోడ్డు మీద వాళ్లను అణచడానికి పటాలాలు వచ్చాయి. ఘాట్‌లో మలుపు తిరిగినప్పుడల్లా ఫొటోకు ఆగేవాళ్లు ఆ మలుపును కొట్టినవారి కూలి సంగతి కూడా ఒకసారి తలచుకోవచ్చు.

గుర్రం వెళ్లేదాకా గుర్రం, తర్వాత భుజం

రోడ్డు ఆగినచోట మన్యం సొంత వాహనాలు మొదలవుతాయి. మొదటిది గుర్రం. జి.మాడుగుల, పాడేరు, చింతపల్లి వైపు కొండ గ్రామాల్లో పొట్టి గుర్రాలు ఇంటి బండిలాంటివి. సంతకు పసుపు, అల్లం, మిరియాలు, కాఫీ గింజలు దించాలన్నా, సంత నుంచి ఉప్పూ బియ్యమూ ఎక్కించాలన్నా వీపు మీద గోనెసంచులు రెండు వైపులా వేలాడదీసి నడిపిస్తారు. రాళ్ల కాలిబాట, వాగు, ఏటవాలు, దేనికీ గుర్రం బెదరదు. పంతుళ్లు గుర్రమెక్కి కొండ మీది బడికి వెళ్లిన వార్తలు కూడా పేపర్లలో వచ్చాయి. హస్కీ చుక్చీలకు ఎలాగో, ఈ కొండ గుర్రం వీళ్లకు అలాగ. ప్రచార చిత్రాల్లో మాత్రం దానికి చోటు తక్కువ. అరకులో గుర్రం సవారీ దొరికినా, అది ఏ బరువులు మోసి పెరిగిన జాతో ఎక్కినవాళ్లకు చెప్పేవాళ్లు ఉండరు.

రెండోది డోలీ. గట్టి కర్రకు దుప్పటిని ఊయలలా కట్టి, అందులో గర్భిణినో జ్వరపడ్డ మనిషినో పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన వేసుకుని నడుస్తారు. పక్కన ఇంకో జత తోడు నడుస్తుంది, భుజం మార్చుకోవడానికి. రోడ్డు తగిలేదాకా ఇదే అంబులెన్సు, ఆ తర్వాతే 108. వానాకాలంలో వాగు పొంగితే డోలీ ఒడ్డునే ఆగిపోతుంది. కొన్ని కాన్పులు దారిలోనే జరిగిపోతాయి, కొన్ని ప్రాణాలు దారిలోనే పోతాయి. ఉత్తర ధ్రువంలో చలికాలం దారులు తెరిస్తే, మన్యంలో వానాకాలం దారులు మూసేస్తుంది. పర్యాటకులు వచ్చేది వానలు వెళ్లాక, కాబట్టి ఆ మూసిన దారులు వాళ్ల కంటపడవు. అందుకే వంజంగి ఫొటోలు చూసినవారికి డోలీ ఫొటో వేరే జిల్లాదేమో అనిపిస్తుంది. రెండూ అల్లూరి సీతారామరాజు జిల్లావే, కొన్నిసార్లు ఒకే మండలానివి.

మార్పు లేదని కాదు. ఇరుకు దారుల కోసం మోటారు సైకిలుకు తగిలించిన ఫీడర్ అంబులెన్సులు వచ్చాయి. నెలలు నిండిన గర్భిణులను ముందుగానే కిందికి తెచ్చి ఉంచే వసతి గృహాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఈ ప్రత్యేక జిల్లా ఏర్పడటంతో కలెక్టరు కొండ మీదికే వచ్చారు. 2025 ఏప్రిల్ 7న డుంబ్రిగుడ మండలం పెదపాడులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ‘అడవితల్లి బాట’ మొదలుపెట్టారు. వెయ్యి కోట్ల రూపాయల పైచిలుకు అంచనాతో గిరిజన ఆవాసాలకు రోడ్లు వేసే పని ఇది. శంకుస్థాపన పలక ఒకటి, తారు ఇంకొకటి. ఈ రెండింటి మధ్య దూరాన్ని మన్యం జనం భుజాలతోనే కొలుస్తారు.

చలి సొమ్ము ఎవరి జేబులో?

లంబసింగి, అరకు చలికి ఇప్పుడు ధర ఉంది. గుడారానికి ఇంత, నెగడుకు ఇంత, కొండెక్కించే జీపుకు ఇంత. 2025లో జనవరి 31 నుంచి మూడు రోజులు అరకులో ప్రభుత్వమే ‘చలి ఉత్సవ్’ జరిపింది. అంతకుముందు 2017లో బెలూన్ల పండగా జరిగింది. ఇవన్నీ మంచివే, కానీ ఆ సొమ్ము ఎవరి జేబులో పడుతోందన్నది చూడాలి.

ఇక్కడ చట్టం గిరిజనుడి వైపే ఉంది. 1/70గా పేరుపడిన నిబంధన ప్రకారం ఈ షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి పేరుకు మారకూడదు. బొర్రా పరిసరాల గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. ప్రభుత్వం కూడా ఈ భూమిని గిరిజనేతర సంస్థలకు గనుల కోసం లీజుకివ్వరాదని చెబుతూ, ఇలాంటి చోట్ల వచ్చే లాభంలో కనీసం 20 శాతం స్థానికుల మంచినీరు, బడి, వైద్యం, రోడ్ల కోసం పక్కన పెట్టాలంది. ఆ మాట ఖనిజం గురించి అన్నది. చలి కూడా ఈ కొండల నుంచి తవ్వుకుపోతున్న సంపదే అనుకుంటే, ఆ లెక్క పర్యాటకానికీ వర్తింపజేయడం అన్యాయమేమీ కాదు. ప్రతి గుడారం అద్దెలో ఒక వంతు ఆ పంచాయతీ కాలిబాటకు వెళ్లాలని రాసుకుంటే చాలు.

సొంత సరుకుతో పేరు తెచ్చుకోవడం ఈ కొండలకు తెలియనిదేమీ కాదు. సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల మధ్య గిరిజన రైతులు పండించే అరబికా కాఫీ 2017లో పారిస్‌లో అంగడి తెరిచింది. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ కాఫీ మీద ‘ఆంధ్రా బ్రెజిల్’ అని రాయలేదు, అరకు అనే రాశారు. కాఫీకి చాలిన పేరు చలికి ఎందుకు చాలదు? అక్టోబరు, నవంబరుల్లో పసుపు పరిచినట్టు పూసే వలిసె చేలు, డిసెంబరులో ఎర్రగా పండే కాఫీ కాయలు, మేఘాల కొండ, చోడి అంబలి, థింసా అడుగు. వీటిలో దేనికీ కశ్మీర్ ఊతకర్ర అక్కర్లేదు. హస్కీలైతే అసలే వద్దు. పగటి ఎండకే ఆయాసపడే ఆ కుక్కలను నగరాల్లో ఏసీ గదుల్లో బంధించి పెంచుతున్నది చాలు, కొండకు తెచ్చి ఫొటోలకు నిలబెట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోవాలి.

వెళ్లేవారికి నాలుగు మాటలు

నవంబరు నుంచి జనవరి ఆఖరు దాకా మేఘాలకు అనువైన కాలం. ముందురోజు వాన పడి, ఆ రాత్రి ఆకాశం తేరుకుంటే మేఘసముద్రం దొరికే అవకాశం ఎక్కువ. మబ్బు కమ్మిన రాత్రయితే చలీ తక్కువే, దృశ్యమూ తక్కువే. వంజంగికి పాడేరులో రాత్రి బస చేసి, నాలుగున్నరకల్లా నడక మొదలుపెట్టాలి. రాళ్ల దారి, టార్చి తప్పనిసరి. వారాంతం వదిలేసి మంగళ, బుధవారాల్లో వెళ్తే ఘాట్‌లో కార్ల వరస ఉండదు, గుడారానికి బేరమూ ఉండదు. రైలు అద్దాల పెట్టెకు ముందే రిజర్వేషను చేయించుకోవాలి. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు అనంతగిరి, గాలికొండ మీదుగా బస్సు అయితే రెండు దారులూ చూసినట్టవుతుంది.

కొండ మీద డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో కూడా ఆలోచించండి. ఊరివాళ్ల జీపు, ఊరివాళ్ల గుడారం, ఊరివాళ్ల గుర్రం. కాఫీ, తేనె గిరిజన సహకార సంస్థ దుకాణంలో. మనుషులను, ముఖ్యంగా చలి కాగుతున్న ముసలివాళ్లనూ పిల్లలనూ ఫొటో తీసేముందు అడగండి. ప్లాస్టిక్ సీసాలు, బిర్యానీ పొట్లాలు తిరిగి కిందికి తెచ్చుకోండి. అవి కొండ మీద వదిలేస్తే మోసుకు దించేదీ మళ్లీ ఆ ఊరివాళ్లే.

డోలీకి సెలవు ఎప్పుడు?

అరకులో గిరిజన మ్యూజియం ఉంది. పాత పనిముట్లు, నగలు, వేట సామగ్రి, పెళ్లి తంతుల బొమ్మలు చూసి వస్తారు. అందులో డోలీ కూడా ఒక ప్రదర్శన వస్తువుగా నిలబడే రోజు రావాలి. ఇప్పుడు పెట్టినా అది అబద్ధమే అవుతుంది, ఎందుకంటే అది ఇంకా వాడుకలో ఉంది.

అలాస్కాలో కుక్కబండి పర్యాటక వినోదం కాగలిగిందంటే, ఆ ఊళ్లకు ముందు విమానమూ స్నోమొబైలూ వచ్చాయి కాబట్టి. రోగిని కుక్కబండి మీద మోసుకెళ్లే రోజుల్లోనే దాన్ని సరదాకు అమ్మి ఉంటే అది సిగ్గుచేటు అయ్యేది. మన మన్యంలో మనం ఆ వరసను తలకిందులు చేశాం. గుడారాలు ముందొచ్చాయి, అంబులెన్సు దారి వెనకబడింది. దీన్ని సరిదిద్దడానికి కొత్త చట్టాలు అక్కర్లేదు. వ్యూ పాయింటుకు రోడ్డు వేసే ప్రతి బడ్జెట్టులో ముందు వరస ఆ చుట్టుపక్కల డోలీ ఊళ్లది కావాలి. ఏ ఊరి నుంచి ఏడాదిలో ఎన్ని డోలీలు దిగాయో జిల్లా యంత్రాంగం లెక్క రాసి, రోడ్ల జాబితాను ఆ వరసలోనే తయారుచేయాలి. పర్యాటకుల సంఖ్య ప్రకటించే ప్రతి పత్రికా సమావేశంలో ఈ రెండో సంఖ్యను కూడా చదవాలి. మొదటిది పెరిగితే చప్పట్లు కొట్టే హక్కు రెండోది తగ్గినప్పుడే వస్తుంది.